అంటుకుంది

మా బైండింగు షెడ్డు గుమ్మం మీద పొగ తాగరాదు అనే బోర్డు లేదు. దాని బదులు మా ఆవిడ తాయారు సుద్దముక్కతో స్వహస్తాలతో రాసిన పలక ఒకటి వేలాడుతుంటుంది: "ఇక్కడ అంటుకుంది అనరాదు." చదివిన ప్రతివాడూ నవ్వుతాడు. ఎందుకలా రాశారని అడుగుతాడు. స్వహస్తాలతో అన్నాను కదా, అది రాసిన నాటికి ఆవిడకు రెండు హస్తాలూ ఉన్నాయి.

నా పేరు పానకాలరావు. మాది బెజవాడ. ప్రెస్సుల వాళ్లు పంపిన కాగితాలను మడిచి, కుట్టి, అంచులు కోసి పుస్తకాలు చేయడం మా వృత్తి. అచ్చులు వాళ్లవి, ఒత్తులు మావి, గుణింతం మాత్రం తాయారుది. పుట కుడితేనే పూట గడిచే ఇల్లు. ఏ పనికైనా తాయారు తయారు. నేను నోటికి తయారు. ఆమె వేసిన ముడి దేవుడు కూడా విప్పలేడు. నేను వేసిన ముడి ఫ్యాను గాలికే ఊడుతుంది. మా పెళ్లిలో నేను వేసిన మూడు ముళ్లలో రెండు పీటల మీదే జారిపోతే పురోహితుడు తలపట్టుకుని మళ్లీ వేయించాడు. ముప్పై ఏళ్లుగా ఆవిడ నన్ను దెప్పని రోజు లేదు.

అలాంటి షెడ్డులోకి మాఘమాసంలో ఒకరోజు మా బావమరిది భావనారాయణ ట్రాలీ ఆటోలో ఒక ఇనుప యంత్రాన్ని దింపాడు. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి, అది మానేసి, ఇంట్లో గిన్నెలన్నీ మాడ్చినవాడు. నేను బావ, వాడు భావన, మధ్యలో తాయారుది బాధ.

యంత్రమంటే పెద్ద వింతేమీ కాదు. రెండు మందపాటి ఇనుప పలకలు, వాటి లోపల ఇస్త్రీపెట్టెలో ఉండేలాంటి తీగచుట్టలు, పైపలకను కిందికి నొక్కడానికి మర, మర తిప్పడానికి చక్రం.

"ఏరా, ఇది శాస్త్రమా, ఇస్త్రీనా?" అన్నాను.

"నవ్వుతావు గాని విను బావా. జిరాక్సు మిషన్లో నల్లపొడి ఉంటదా? అది ప్లాస్టిక్కు. వేడి తగిలితే కరిగి కాగితాన్ని పట్టుకుంటది. దాన్నే మనం అక్షరం అంటున్నాం. అదే పొడిని ప్రతి కాగితం అంచునా ఒక పట్టీలాగా వేసి, దొంతర పేర్చి, మళ్లీ కరిగించి నొక్కితే?"

"అక్షరం అక్షరాన్ని పట్టుకుంటుంది."

"అదీ! దారం లేదు, పిన్ను లేదు, జిగురు లేదు."

మూలన మైదా జిగురు కలుపుతున్న తాయారు తలెత్తకుండానే, "నేనూ లేను" అంది.

వాడు రెండు దొంతరలు పేర్చి, తను తయారుచేసిన పొడి అంచులకు పూసి, పలకల మధ్య పెట్టి చక్రం తిప్పాడు. నిమిషం తరువాత మొదటిది బయటికి తీసి వేడివేడిగా నా చేతిలో పెట్టాడు. అరటిపండు తొక్క ఒలిచినట్టు పుట తరువాత పుట ఊడివచ్చింది. రెండోదాన్ని పక్కనున్న మస్తాను ఐసు డిపో నుంచి తెచ్చిన బకెట్టు నీళ్లలో ముంచాడు. చుయ్యిమంది.

"ఇప్పుడు లాగు."

లాగాను. కాగితం చిరిగింది గాని అంచు కదల్లేదు. కాలు కింద తొక్కిపెట్టి లాగాను. కదల్లేదు. నాకు పట్టుదల వచ్చింది. అట్టలకు చిల్లులు పొడిచే దబ్బనం తీసి, అంచులోకి దూర్చి, సుత్తితో ఒక్కటిచ్చాను. దబ్బనం వంగింది. వంగి, వెనక్కి ఎగిరి, నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న కండలో ఇటు నుంచి అటు దిగింది. నెత్తురు కాగితాల మీద చిమ్మింది. మా వాడు నా చేతివంక చూడలేదు, అంచు వంక చూశాడు.

"రవ్వంత వదల్లేదు బావా! మామూలు పొడి అయితే మళ్లీ వేడిచేస్తే వదిలేస్తది. ఇది వేడి మీద ఉన్నంతసేపే మన మాట వింటది. చన్నీళ్లు పడ్డాయా, రేణువు రేణువుకి చెయ్యి చాపి పట్టుకుంటది. పక్కన ఇంకో రేణువు దొరికితే దాన్నీ పట్టుకుంటది. ఇంక విడవదు. నేను కనిపెట్టింది అదే!"

నాకు నొప్పి సంగతే గుర్తులేదు. నెత్తురోడుతున్న చేతిని పైకెత్తి వీధి దద్దరిల్లేలా అరిచాను: "అంటుకుందిరోయ్! అంటుకుంది!"

ఒక్క క్షణంలో మస్తాను రెండు బకెట్లతో దూసుకొచ్చాడు. నిప్పెక్కడుందో చూడలేదు. మూడు రీముల కొత్త కాగితం మీదా, నా నెత్తి మీదా ఐసు నీళ్లు కుమ్మరించాడు. కాగితాల కొట్లో ఆ కేక వినపడితే ఎవరైనా చేసే పని అదే. నాకు మాత్రం ఇంతకంటే గొప్ప శ్లేష జీవితంలో దొరకలేదు. అతికినా అంటుకోవడమే, తగలబడినా అంటుకోవడమే! వారం తరువాత మళ్లీ అరిచాను. మస్తాను మళ్లీ పరుగెత్తుకొచ్చాడు. మూడోసారి అరిచినప్పుడు వచ్చింది మస్తాను కాదు, తాయారు. ఇనుప స్కేలు అంచుతో నా వేలి కణుపుల మీద కొట్టిన దెబ్బకు రెండు చోట్ల చర్మం లేచిపోయింది.

"కాగితాల మధ్య బతికేటోళ్లం. నిప్పుతో పరాచికాలేందయ్యా నీకు? ఇవాళ్టి నుంచి ఈ షెడ్డులో అంటుకుంది అంటే నిప్పే. అతికితే అతికింది అని ఏడువు. అంటుకుంది అని నా నోట విన్నావంటే ఇంక ఆలోచించమాక. చూడమాక. నీళ్లు పొయ్యి. ఒట్టెయ్యి."

నెత్తురు చేత్తోనే ఒట్టేశాను. ఆవిడ ఆ పలక రాసి గుమ్మానికి తగిలించింది. దాని కింద ఐసు నీళ్ల బకెట్టు ఎప్పుడూ నిండుగా ఉండేది.

చైత్రమాసానికల్లా పని వేగం పుంజుకుంది. మా వాడు పొడి చేస్తాడు, నేను అంచులు కోస్తాను, తాయారు పొడి పూసి పలకల మధ్య పెడుతుంది. పొడి పూయడానికి ఆవిడ చెయ్యే కుంచె.

ఒకరోజు రేషను షాపులో డీలరు ఆవిడ వేలిని మిషను మీద పెట్టించి, తుడిచి, మళ్లీ పెట్టించి, "నీ వేలికి ముద్ర లేదమ్మా" అన్నాడు. బొటనవేలే కాదు, పదివేళ్లూ పెట్టించాడు. పదింటికీ లేదు. గీతల సందులన్నీ నల్లగా పూడుకుపోయి వేళ్లు గాజుగోళీల్లా మెరుస్తున్నాయి.

"ముద్రణ వాళ్లం కదండీ, ముద్రలన్నీ కాగితాలకే ఇచ్చేశాం" అన్నాను. లైనులో ఎవరూ నవ్వలేదు.

ఇంటికి వచ్చి స్నానం చేసి దేవుడికి దండం పెట్టింది. కళ్లు తెరిచాక చేతులు వెంటనే విడిపోలేదు. ఆవిడ మోచేతులు విదిల్చి ఒక్క గుంజు గుంజింది. చిటికెనవేళ్ల పక్కన చర్మం పొరలా లేచి, పసుపుకుంకాల పళ్లెంలో నెత్తురు బొట్లు పడ్డాయి.

భోజనాల దగ్గర తమ్ముడి ముందు ఆ చేతులు చాపింది. "రేయ్, నీ పొడి నా ఒంట్లోకి పోతోంది."

వాడు గోంగూర అన్నం కలుపుకుంటూ, "గ్లౌజులు వేసుకో అక్కా" అన్నాడు.

"గ్లౌజులేసుకుంటే కాగితం తెలవదు. కాగితం తెలియకపోతే నేనెందుకు, నీ మిషన్ చాలదూ?"

"ఈ ఎక్కాల పుస్తకాలు ఒక్కటీ అయిపోనీ. బళ్లు తెరిచేలోపు ఇవ్వాలి. ఎంత, పదివేలే కదా!"

"నీకు పదివేలు. నాకున్నవి పది వేళ్లు."

నేను ఎగిరి చప్పట్లు కొట్టాను. ముప్పై ఏళ్ల కాపురంలో మా ఆవిడ నన్ను మించిన మాట అనడం అదే మొదటిసారి. "చూశావురా, నాతో తిరిగి ఎంత పదునెక్కిందో!" అన్నాను. పని ఆపించాల్సింది పోయి చప్పట్లు కొట్టాను. రాసుకోండి.

రోహిణి కార్తె. పదకొండు గంటలకే షెడ్డు రేకులు టపటపా పేలుతున్నాయి. చక్రం మర అరిగి జారుతోందని కొత్త మర చేయించడానికి భావన ఆటోనగర్‌ వెళ్లాడు. తను వచ్చేదాకా మిషన్ జోలికి పోవద్దన్నాడు. పలకలు వేడెక్కి ఉన్నాయి, పేర్చిన దొంతర ఉంది, తాయారుకు ఖాళీగా కూర్చోవడం చేతకాదు. పైపలక కింద చెక్కముక్క ఆనించి పని కానిస్తోంది. నేను ముందు గదిలో కటింగ్ మిషన్ దగ్గర అంచులు కోస్తున్నాను.

దబ్బుమని చప్పుడు. వెంటనే కేక.

"అంటుకుందయ్యా! అయ్యో, అంటుకుంది!"

ఆలోచించలేదు. చూడలేదు. ఒట్టు నిలబెట్టుకున్నాను. గుమ్మం దగ్గరి బకెట్టు ఎత్తుకుని పరుగెత్తి ఆవిడ మీదా మిషన్ మీదా ఒక్కసారిగా కుమ్మరించాను. పలకలు బుస్సుమని ఆవిరి చిమ్మాయి. ఆవిరి తొలగాక నిప్పు కోసం వెతికాను. ఎక్కడా లేదు. చెక్కముక్క జారి పైపలక పడింది. నలిగిన కాగితాన్ని సరిచేయడానికి దొంతర మధ్యలో పెట్టిన తాయారు కుడిచేయి మణికట్టు దాకా లోపల ఉంది.

వేడి మీద ఉన్నప్పుడు పలక ఎత్తి ఉంటే కాలిన బొబ్బలతో చెయ్యి ఊడి వచ్చేది. అరటిపండు తొక్కలా.

"నిప్పు కాదయ్యా" అంది తాయారు, చాలా మెల్లగా. "చెయ్యి."

చక్రం తిప్పి పలక ఎత్తాను. చేయి పైకి వచ్చింది, దాంతోపాటు పుస్తకమూ వచ్చింది. కింద పది కాగితాలు, పైన పది కాగితాలు, మధ్యలో అరచేయి. అంచుల్లోంచి నెత్తురు సన్నగా ఊరుతోంది. పైన కనిపిస్తున్న పుటలో మూడో ఎక్కం. నేను పిచ్చివాడిలా కాగితాలు పీకాను. కాగితంతో పాటు చర్మం వచ్చింది. తాయారు నా ముఖం మీద ఎడమచేత్తో ఒక్కటి కొట్టింది. అప్పుడాగాను.

అదే సమయానికి కొత్త మర చేత పట్టుకుని భావన లోపలికి వచ్చాడు. అక్క చేతిని చూశాడు. నేల మీద నీళ్లు చూశాడు. వాడు అన్న మొదటి మాట, "నీళ్లెవరు పోశారు?"

నేను చేయి చేసుకున్నాను. ఆవిడ చేయి పోతుంటే నాది చేసుకున్నాను. వాడి చేతిలోని ఇనుప మర లాక్కుని మూతి మీద కొట్టాను. రెండు పళ్లు నేల మీద పడి దొర్లాయి. వాడు నా కడుపులో తన్నాడు. ఇద్దరం రీముల మీద పడ్డాం, లేచాం, మళ్లీ పడ్డాం. జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్లి వాడి తలను పలకల మధ్య పెట్టి చక్రం తిప్పడం మొదలెట్టాను. నీళ్లు పడినా అడుగుపలక ఇంకా కాలుతూనే ఉంది. చెవి తగిలి వాడు అరిచిన అరుపు మనిషి అరుపులా లేదు.

"బావా! నీళ్లు పోసింది నువ్వు బావా!"

ఇంకో చుట్టు తిప్పాను. ఎముక కిర్రుమంది. అది నిజం కాబట్టే ఇంకో చుట్టు తిప్పాను.

"ఏమయ్యా," అంది తాయారు. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. "వాణ్ణి తర్వాత చంపుదువుగాని. ముందు నన్ను కొయ్యి."

చక్రం వదిలేశాను. ఆవిడ చేయి చాపింది. మణికట్టు దాటి రెండు వేళ్ల మేర నల్లటి గీత. నేను చూస్తుండగానే అది చర్మం కింద చీమలబారులా పైకి కదిలింది. గీత దాటిన చోటల్లా కండ అట్టలా బిగుసుకుపోతోంది.

భావన నోట్లోంచి నెత్తురు ఉమ్ముతూ పాక్కుంటూ వచ్చాడు. "మూడు నెలల నుంచి ఒంట్లో చేరిన పొడి అక్కా. ఒకదాన్నొకటి పట్టుకుంటా పైకి పోతది. భుజం దాటితే..." మిగతాది మింగేశాడు. ఇస్త్రీపెట్టె తెచ్చి గీత మీద వేడి పెట్టి చూశాడు. తాయారు పళ్లు కొరుక్కుంది, చర్మం ఉబ్బింది, గీత మాత్రం ఆగలేదు.

గొడవకు పరుగెత్తుకొచ్చిన మస్తాను ఆంబులెన్సుకు ఫోను చేశాడు. "వారధి మీద లారీ అడ్డం పడిందంట పానకాలన్నా. అరగంట అంటున్నారు."

అరగంటలో అది మెడ దాకా వస్తుంది. అందరికీ అర్థమైంది.

తాయారే లేచింది. ముందు గదిలోకి నడిచి, కటింగ్ మిషన్ బల్ల మీదున్న కాగితం ముక్కలను ఎడమచేత్తో శుభ్రంగా ఊడ్చింది. ఊడ్చి, చేయి పెట్టింది.

"కత్తి సాన పట్టించావా?"

"నిన్ననే."

"నాలుగు వేళ్లు పైకి పెట్టుకో. రెండోసారి కొయ్యలేవు నువ్వు."

భావన కుట్టు దారం ఆరు పేటలు వేసి మోచేతి కింద బిగించి, దబ్బనం దూర్చి మెలితిప్పాడు. మస్తాను ఆవిడ భుజాలు పట్టుకుని కళ్లు మూసుకుని ఏదో చదువుకుంటున్నాడు. కాగితం జరగకుండా నొక్కిపెట్టే చక్రం నేను తిప్పాను. ఐదువందల కాగితాల కోసం చేసిన చక్రం, ఒక్క చేతి కోసం తిప్పాను. కత్తి పిడి మీద చెయ్యేశాను.

"ఏదో ఒకటి అనవయ్యా," అంది తాయారు. ముఖమంతా చెమట, పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "ఎప్పుడూ వాగుతా ఉంటావుగా. ఇప్పుడు కావాలి నాకు."

నోరు తెరిచాను. ఒక్క ముక్క రాలేదు.

లాగాను.

రీము కాగితం కోస్తే ఒకటే చప్పుడు వస్తుంది. దీనికి రెండు చప్పుళ్లు వచ్చాయి, మెత్తనిది ఒకటి, గట్టిది ఒకటి. నెత్తురు గోడ మీది క్యాలెండరు దాకా చిమ్మింది. నల్లగీత కత్తికి అవతలే ఉండిపోయింది. జీవితమంతా కోతలు కోశాను. నేను కోసిన నిజమైన కోత అదొక్కటే.

పంచె చింపి కట్టు కట్టాను. పుస్తకాలకు తప్ప మనిషికి కట్టు కట్టడం అదే మొదలు. ముడి మాత్రం మస్తాను వేశాడు. ఆసుపత్రిలో డాక్టరు గాయం చూసి, "ఇంత నున్నగా ఎవరు కోశారు?" అని అడిగాడు. "నేనేనండీ. నా వృత్తే అది" అని బయటికి వెళ్లి వాంతి చేసుకున్నాను.

ఆ చేతిని దహనం చేయించాం. చెయ్యి బూడిదైంది. పుస్తకం అంచు మాత్రం నిప్పుల్లో కూడా విప్పుకోలేదు.

కుట్లు విప్పాక తాయారు తమ్ముణ్ణి పిలిపించింది. వాడు బోసినోటితో, ముడుచుకుపోయిన చెవితో వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"నీ లెక్కలు రాసుకున్న పుస్తకం తెచ్చావా?"

"తెచ్చానక్కా. ఇందులో తప్పెక్కడో కనుక్కుంటే..."

"అది వద్దు. మిగిలిన పొడంతా అందులో చల్లు. ప్రతి పుటలోనూ."

వాడు లోపలికి వచ్చి, నోట్సు తెరిచి, ఒక్కో పుటలో పొడి చల్లాడు. కళ్లనీళ్లు కాగితం మీద పడకుండా భుజంతో తుడుచుకుంటూ చల్లాడు. పలకల మధ్య పెట్టి తనే చక్రం తిప్పాడు. బకెట్టు నేను అందించబోతే, "నువ్వొద్దు బావా, ఈసారి నేను పోస్తాను" అన్నాడు. చుయ్యిమంది. బయటికి వచ్చింది పుస్తకం కాదు, నల్లరాయి. మా వాడి బతుకు తెరిచిన పుస్తకం అనేవాణ్ణి, ఇంక అనను. ఇప్పుడు ఆ రాయి మా షెడ్డులోనే ఉంది. జిగురు ఆరే అట్టల మీద బరువుగా పెడతాం.

బళ్లు తెరిచారు. ఎక్కాల పుస్తకాల కాగితాలు మళ్లీ అచ్చయి వచ్చాయి. మామూలుగానే కుట్టాలి. మూడు చిల్లులు, మూడు ముళ్లు. కాగితాలు నేను పట్టుకున్నాను. తాయారు ఎడమచేత్తో సూది పట్టింది. వంకరగా పోయింది, వేలికి గుచ్చుకుంది, నెత్తురు చీకి మళ్లీ పెట్టింది. దారం మూడు చిల్లుల్లోంచీ లాగింది. అక్కడ ఆగిపోయింది. ఒంటిచేత్తో ముడి పడదు.

"నువ్వెయ్యి" అంది.

కోత రోజు నుంచి నేను పనికిమాలిన మాట ఒక్కటీ మాట్లాడలేదు. కావాలని కాదు, రాలేదు. మాట్లాడకుండానే ముడి వేశాను. జారిపోయింది.

"మళ్లీ."

వేశాను. జారింది.

"పీటల మీద చేసిన పనే చేస్తున్నావు. వేలు అడ్డం పెడతా, వేలి మీద బిగించు." తన ఎడమచేతి చూపుడువేలు దారం మీద ఆనించింది. ఆ వేలి మీద పొడి పోయి గీతలు మళ్లీ సన్నగా కనిపిస్తున్నాయి. మూడు చేతులతో ఒక ముడి వేశాం. తరువాత రెండోది. తరువాత మూడోది. ఆవిడ వంగి మిగిలిన దారాన్ని పంటితో తెంపింది. తెంపి, పుస్తకం తెరిచింది. తెరుచుకున్నది ఆ మూడో ఎక్కమే. ఇద్దరం చూశాం.

"ఏమయ్యా," అంది. "మూడు మూళ్లు ఎంత?"

దారం మీద వేలు పెట్టాను.

"మూళ్లా?" అన్నాను. "ముళ్లా?"

తాయారు పుస్తకం ఒక అట్టను తన గుప్పిట్లో బిగించి, రెండో అట్ట నన్ను పట్టుకోమని కళ్లతోనే చెప్పింది. ఇద్దరం చెరోవైపూ బలంగా లాగాం.

"ఈసారి ఊడలేదు" అంది.